ఇద్దరికీ ఒకే సీజన్

మా కోచ్ సార్ పోయారన్న కబురు నాకు మునిరాజు చెప్పాడు. మంగళవారం పొద్దున నేను పనిచేసే స్కూల్లో ప్రేయర్ అయ్యి పిల్లలు క్లాసులకు పోతుంటే ఫోన్ మోగింది. "సార్ పోయినారప్పా. కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నారంట, అట్లే పోయినారు" అన్నాడు. నిజం చెప్పాలంటే, కన్నీళ్ళ కంటే ముందు నాకు వచ్చిన ఆలోచన వేరు. సార్ ఇంటివాళ్ళు మొదట వాడికెందుకు ఫోన్ చేశారు? ఎక్కడో కుప్పంలో ఉన్నవాడికి చెప్పి, దగ్గర్లో మదనపల్లెలో ఉన్న నాకు చెప్పకపోవడం ఏమిటి? ఇది రాస్తున్నది అలాంటి మనిషి అని మీరు మొదటే తెలుసుకోవడం మంచిది.

సార్‌ది పుంగనూరు. డ్రిల్లు మాస్టరుగా రిటైరయ్యాక, మదనపల్లెలో ఒక టమోటా మండీ యజమాని పెట్టిన కబడ్డీ జట్టుకు కోచ్‌గా వచ్చారు. జీతాలిచ్చి ఆడించే జట్టు అది. చిన్న లీగే అయినా మ్యాచులు లోకల్ టీవీలో వచ్చేవి. నేను సోమల నుంచి, మునిరాజు గుడుపల్లె నుంచి ఒకే రోజు అందులో చేరాం. ఇద్దరి నాన్నలూ కూలికి పోయినవాళ్ళే. నెల తిరిగేసరికి జీతం వచ్చే పని మా ఇళ్ళలో మాతోనే మొదలైంది. అక్కడితో మా పోలిక సరి. వాడు రైడరు, నేను ఎడమ కార్నర్‌లో డిఫెండరును. కూతకు పోయినవాడి పేరు జనం గొంతు పోయేలా అరుస్తారు. పట్టినవాడి పేరు మరుసటి రోజుకు ఎవరికీ గుర్తుండదు. వాడితో ఫోటో దిగడానికి వచ్చినవాళ్ళు ఫోన్ నా చేతికిచ్చి తీయమనేవాళ్ళు. నేను తీసేవాణ్ణి, ఒక్కోసారి కావాలనే వాడి తల సగం తెగేలాగా.

సార్‌కు రెండు అలవాట్లుండేవి. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ ఉడకేసిన శనక్కాయలు ఒలుస్తూ ఉండేవారు. ఒలిచిన గింజల్లో సగం తను తిని, మిగతా సగం పక్కనున్నవాడి వైపు చూడకుండానే చాపేవారు. రెండోది, ఏ ఊరికి మ్యాచుకు పోయినా తిరిగి రాగానే వ్యాను డ్రైవరును పక్కకు పిలిచి, "మావోళ్ళు నీతో ఎట్లుండిరప్పా?" అని అడిగేవారు. మేము ఎన్ని పాయింట్లు తెచ్చామో ఆయనకు ముందే తెలుసు. డ్రైవరు చెప్పేది విన్నాకే భోజనానికి కూర్చునేవారు. మాకు అది పెద్ద చాదస్తంగా కనిపించేది.

చేరిన మొదటి రోజే మమ్మల్నందరినీ మ్యాట్ మీద కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు. "మ్యాట్ మీద ఎంత తోసుకున్నా ఆట. మ్యాట్ దిగినాక బయట మనిషి మీద చెయ్యి పడితే ఒక సీజన్ పాయ. రైడరైనా అంతే, బెంచి మీదోడైనా అంతే. ఆడనీను, ఇంటికీ పంపను. ప్రతి మ్యాచికీ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చోవాల." మేము తలలూపాం. లీగ్ వాళ్ళ రూల్సు పుస్తకంలో ఇంత వివరంగా లేదు. 'తగిన చర్య' అని రెండు ముక్కలు రాసి వదిలేశారు. ఆ తగినది ఎంతో ఎవరి ఇష్టం వాళ్ళది. ఒక జట్టులో పేరున్న రైడరు టోల్‌గేటు దగ్గర మనిషిని కొడితే ఒక్క మ్యాచి ఆపి, తర్వాతి మ్యాచికి దండేసి పిలుచుకొచ్చారు. అదే జట్టులో బెంచి మీద కూర్చునే కుర్రాడు లాడ్జీలో గొడవపడితే ఆ సాయంత్రమే బ్యాగు సర్దించి బస్సెక్కించారు. ఇలాంటివి విన్నప్పుడల్లా సార్ ముఖం చిట్లించుకుని, "ఆట వచ్చినోడికి ఒక కొలత, రానోడికి ఒక కొలతా? అది కోచింగు గాదు, యాపారం" అనేవారు.

మొదట నియమం తప్పింది నేనే. పుంగనూరులో ఒక మ్యాచి గెలిచి, జట్టంతా టిఫిన్ హోటల్‌కు పోయాం. ఆ రోజు ఏడుసార్లు నేను పట్టాను. హోటల్లో అందరూ మునిరాజు చుట్టూ మూగారు, వాడి టేబుల్‌కే ముందు ఇడ్లీ వచ్చింది, వాడికే ముందు సాంబారు పోశారు. సప్లయరును రెండుసార్లు పిలిచాను. మూడోసారి నా పక్క నుంచే బకెట్టుతో వాడి వైపు పోతుంటే భుజం పట్టి తోశాను. సాంబారంతా ఆ మనిషి పాదాల మీద పడింది. ఆయన పెట్టిన కేక ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. సార్ అక్కడే ఉన్నారు. ఆ సప్లయరును ఆసుపత్రికి పిలుచుకుపోయి వచ్చాక, "సీజన్" అని ఒక్క మాట అన్నారు. కొట్టలేదు సార్, తోసినానంతే అని వాదించాను. ఆయన వినలేదు.

అలా ఒక సీజనంతా సార్ పక్క కుర్చీలో కూర్చున్నాను. ఆ ఏడాదే పెద్ద లీగ్ వాళ్ళు డిఫెండర్లను చూసుకోవడానికి వచ్చి, నా చోట ఆడినవాణ్ణి ఎంచుకుని పోయారు. సార్ శనక్కాయలు చాపేవారు, నేను తీసుకునేవాణ్ణి కాదు. "ఆ రైడరు ఏ కాలు ముందర పెడతాండాడో సూడు" అనేవారు, నేను చూసేవాణ్ణి కాదు. ముఖం మాడ్చుకుని చెప్పుల వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి. మునిరాజు గనక అదే పని చేసి ఉంటే రెండు మ్యాచులతో సరిపెట్టేవారని నాలో నేనే తీర్పు రాసేసుకున్నాను. ఆ సీజన్‌లో నేను చేసిన పని అదొక్కటే.

మరుసటి ఏడు హార్స్లీ హిల్స్‌లో ప్రాక్టీసు క్యాంపు పెట్టారు. కొండ మీద ఒక రిసార్టులో దిగాం. అక్కడ గదులు ఊడ్చే అంజప్ప అనే ఆయన ఉండేవాడు, మా నాన్న ఈడు మనిషి. ఒక పొద్దున మునిరాజు షూస్ కనబడలేదు. నువ్వే తీసినావని ఆయన్ను వరండాలో నిలబెట్టి రెండు చెంపలూ వాయించాడు. షూస్ తర్వాత వ్యాను సీటు కింద దొరికాయి. కొట్టింది చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. అంజప్ప చెంప పట్టుకుని నిలబడితే నాకు జాలి కలగాలి. జాలి కాదు, కడుపు చల్లబడింది. దొరికాడురా అనుకున్నాను.

అంజప్ప ఎవరికీ చెప్పనన్నాడు. పని పోతుందని భయం. నేను అరగంట బతిమాలి, సార్‌తో నేను మాట్లాడతాను, నీ పనికేమీ కాదని ఒప్పించి, చెయ్యి పట్టుకుని సార్ గది దగ్గరకు తీసుకుపోయాను. సార్ ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అంతా విన్నారు. ఆయన వెళ్ళిపోయాక నా వైపు తిరిగారు.

"నువ్వు ఏంటికి చెప్పినావో నాకు తెలుసు. అది నీ సంగతి. జరిగింది నిజమా, కాదా? అది చెప్పు నాకు."

నిజమే సార్ అన్నాను.

మేము కొండ దిగేలోపే సంగతి తెలిసి యజమాని కారు వచ్చింది. గదిలో సార్, యజమాని, మునిరాజు ముగ్గురే ఉన్నారు. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియలేదు. బయటికి వచ్చి సార్ మునిరాజుకు కూడా సీజన్ అన్నారు. జట్టు సెమీఫైనల్ దాకా కూడా పోలేదు. సీజన్ ముగిసిన వారానికే యజమాని సార్‌ను తీసేశాడు. సార్ తన విజిల్, ఒక టవలు సంచిలో వేసుకుని పుంగనూరు బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆ బస్సు వెనకాల నిలబడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. అంజప్పను పిలుచుకొచ్చింది నేనే అని సార్ ఎవరికీ చెప్పలేదు.

మీరనుకోవచ్చు, ఇక నా కుళ్ళు తీరి ఉంటుందని. తీరలేదు, ఇంకా పెరిగింది. నేను సీజన్ పోగొట్టుకున్నప్పుడు ఊళ్ళో ఒక్కడూ పలకలేదు. వాడికి అదే శిక్ష పడితే టీ కొట్టు దగ్గర నుంచి కాలేజీ గ్రౌండు దాకా అదే మాట. స్టార్ రైడరును కూడా వదల్లేదంట, అదీ సారంటే అన్నారు. శిక్షలో కూడా పెద్ద వాటా వాడికే పోయింది. పైగా ఆ ఏడాదంతా సార్ పక్క కుర్చీ వాడిది. నేను మ్యాట్ మీద చెమటలు కక్కుతూ తల తిప్పితే, వాడు సార్ చేతిలోంచి శనక్కాయలు తీసుకుని తింటూ, ఎదుటి జట్టు కాళ్ళ వైపు వేలు చూపించి ఏదో అడుగుతున్నాడు, సార్ ఏదో చెప్తున్నారు. ఒకసారి ఇద్దరూ నవ్వారు. నేను మోసిన శిక్షను చూసి నేనే ఓర్వలేకపోయాను. ఆ కుర్చీలో వాడు నేర్చుకున్నదే ఇవాళ కుప్పంలో వాడు నడిపే అకాడమీ. నేను కూర్చున్నదీ ఆ కుర్చీయే, ఆ సీజనంత కాలమే. సార్ ఇద్దరికీ గింజ తేడా లేకుండా ఇచ్చారు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఏడేళ్ళు పట్టింది, అదీ ఆయన పోయాక.

సార్‌ను సాగనంపే రోజు పుంగనూరు ఇంటి ముందు జనం నిండి ఉన్నారు. పాత విద్యార్థులు, వ్యాను డ్రైవరు భాయ్, ఎక్కడెక్కడి ఆటగాళ్ళో వచ్చారు. పాడె మొయ్యడానికి ముందు భుజం మునిరాజుది. నాకు వెనక దొరికింది. అప్పుడు కూడా అది గమనించాను. దించినాక చూస్తే మునిరాజు పక్కన అంజప్ప నిలబడి ఉన్నాడు, బాగా ముసలివాడయ్యాడు. మునిరాజు బండి మీద పిలుచుకొచ్చాడట. సార్ పంపితే కొండ మీదకు పోయి క్షమించమని అడిగాడని, అప్పటి నుంచి ఇంటికి రాకపోకలున్నాయని, అంజప్ప కూతురి పెళ్ళికి పందిరి కూడా తనే వేయించాడని పక్కనెవరో చెప్పారు.

నేను మునిరాజును పక్కకు పిలిచాను. ఎందుకో ఆ రోజు దాచబుద్ధి కాలేదు. అంజప్పను సార్ దగ్గరికి పిలుచుకుపోయింది నేనే, న్యాయం కోసం కాదు, నువ్వు పడిపోవాలని, అని చెప్పేశాను.

"తెలుసప్పా. అంజప్పన్న ఎప్పుడో చెప్పినాడు" అన్నాడు. "ఆ పొద్దు రూములో ఏం జరిగిందో నీకు తెల్దు గదా" అని మొదలుపెట్టాడు. రెండు మ్యాచులు ఆపితే చాలదా, లేదంటే కోచ్‌ను మార్చుకుంటానని యజమాని అన్నాడట. మునిరాజు కూడా సార్ కాళ్ళు పట్టుకున్నాడట. అప్పుడు సార్ అన్న మాటను మునిరాజు ఆయన గొంతుతోనే చెప్పాడు.

"సోమలోడికి సీజన్ ఇచ్చినప్పుడు మీరెవురూ అడగలేదే. ఇప్పుడు వీనికి తగ్గిస్తే, వానికి నేను చేసింది శిక్ష గాదు, అన్యాయం అయిపోతాది. నా ఉద్యోగం పోతే పోనీ, వాని సీజన్ ఉత్తపుణ్యానికి పోగూడదు."

"నీకోసమే ఉద్యోగం పోగొట్టుకున్నారు సార్" అన్నాడు మునిరాజు. "ఎన్నేండ్లు కడుపు మండిందో నాకు, ఆ మాటకు." నేను అరుగు మీద కూర్చుని, చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చాను.

మూడో రోజు పాలు పోయడానికి మళ్ళీ పుంగనూరు పోయాను. వస్తూ బస్టాండు దగ్గర ఆ టిఫిన్ హోటల్ ముందు ఆగాను. ఆగింది మంచి బుద్ధితో అని చెప్పను. మునిరాజు పక్కన అంజప్ప నిలబడి ఉండటం రెండు రోజులుగా నా కళ్ళలో మెదులుతోంది. వాడికి క్షమించిన మనిషి ఉన్నాడు, నాకు లేడు. నన్ను కూడా సార్ అప్పట్లో ఆ సప్లయరును క్షమాపణ అడిగి రమ్మన్నారు. నేను పోయి గల్లా దగ్గర హోటల్ యజమానికి సారీ చెప్పి, లోపలికి తొంగి కూడా చూడకుండా వచ్చేశాను. నాకు నా సీజన్ లెక్క ఉంది, మునిరాజు సీజన్ లెక్క ఉంది. ఆ కాళ్ళు మానడానికి ఎన్నాళ్ళు పట్టిందో ఒక్కనాడూ అడగలేదు.

గల్లా దగ్గర ఇప్పుడు వేరే ఆయన ఉన్నాడు. ఇక్కడ సప్లయరు ఒకాయన ఉండేవాడు, ఏడెనిమిదేళ్ళ కింద సాంబారు పడి పాదాలు కాలినాయన, చూడాలి అన్నాను. "పేరేందప్పా?" అన్నాడు. తెలియదన్నాను. "ఎట్లుంటాడు?" అన్నాడు. పొడుగో పొట్టో, నాకంటే పెద్దవాడో చిన్నవాడో, ఏదీ చెప్పలేకపోయాను. ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, లోపలికి కేకేశాడు. ముగ్గురు సప్లయర్లు చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డారు. నాకు ఏ ముఖమూ గుర్తు రాలేదు. తల దించి వాళ్ళ పాదాల వైపు చూశాను. నేనేం వెతుకుతున్నానో తెలియక, ఆ ముగ్గురూ తమ కాళ్ళ వైపు చూసుకున్నారు.