రెండో దెబ్బ

మొన్న మంగళవారం పొద్దున పాల్వంచ నుంచి ఫోను. మాకు తైక్వాండో నేర్పిన మాస్టారు పోయారు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి మంచినీళ్లు అడిగారట, అవి అందేలోపే ప్రాణం పోయింది. "అవునా" అన్నాను. ఫోను పెట్టేసి, పాలు పొంగకుండా స్టవ్ మీంచి దించాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

ఆయనది థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు పని. దాన్ని బట్టే మా క్లాసు, ఓ వారం పొద్దున, ఓ వారం సాయంత్రం. కాలనీ గ్రౌండులో పదిమంది ఆడపిల్లలం. చెప్పులు వరుసగా విడవకపోతే పాఠం మొదలయ్యేది కాదు. గాల్లోకి ఎగిరి తన్నడం నేర్పుతారని వెళితే, నెలంతా చెయ్యి విడిపించుకోవడం, గట్టిగా అరవడం, ఉరికి పారిపోవడమే.

"ఒక్కటే దెబ్బ బిడ్డా. ఆడు సోయికొచ్చేలోపు నువ్వు మందిల ఉండాలె" అనేవారు, వాడు తేరుకునేలోపు జనంలో కలిసిపోవాలని. మీరు నవ్వినా సరే, బెల్టు పరీక్షలో ఉరుకుడుకే ఎక్కువ మార్కులు. మేమూ చాటుగా నవ్వుకున్నవాళ్లమే.

ఇంటర్ చదివే రోజుల్లో, ఓ ఎండాకాలం, బస్సు దిగి మా ఊరి అడవి దారిన నడుస్తుంటే ఒకడు నా చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుని మోకాలి మీద తన్నాను. కూలబడ్డాడు. అప్పుడే ఉరకాల్సింది. పొగరెక్కి, రెండో దెబ్బ కొడదామని నిలబడ్డాను. వాడు కాలు పట్టి లాగాడు. పడ్డాను, ముంజెయ్యి విరిగింది. బీడీల తునికాకు మోపులతో వస్తున్న ఆడవాళ్లు కేకలేస్తే వాడు పారిపోయాడు.

దవాఖానాలో నాన్న అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "గీ తన్నుడే కొంప ముంచింది. ఇగ కాలేజీ బంద్."

మాస్టారు డ్యూటీ బట్టల్లోనే వచ్చారు. నాన్న ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"తప్పు బిడ్డది కాదన్నా, నాది. ఉరుకుడు సరిగ్గ నేర్పలే. కాలేజీ మాన్పియ్యకు."

ఆయన రోజూ నేర్పింది అదే. విననిది నేను. ఆ మాట అప్పుడు చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. కాలేజీ మాత్రం ఆగలేదు. ఇవాళ ఖమ్మంలో నాకో ఉద్యోగం ఉందంటే, ఆయన తన మీద వేసుకున్న ఆ నింద వల్లే.

ఫోనొచ్చిన మర్నాడు మాస్టారి వాకిట్లో, పాడె ముందు, ఇప్పటి పిల్లలు క్లాసు బట్టల్లో వరుస కట్టారు. పక్కనున్న నాన్నతో అన్నాను, "ఆ రోజు తప్పు నాదే నాన్నా."

"నాకెర్కే" అన్నాడు నాన్న.

పిల్లలు నడుము వంచి దండం పెట్టారు. నేనూ వంగాను. నాన్న మమ్మల్ని చూసి తనూ వంగాడు. క్లాసులో మాస్టారు తల ఎత్తాకే మేం ఎత్తాలి. ఎవరూ తల ఎత్తలేదు.