పెద్దబండి గట్టయ్య

నాంపల్లిలో ఒట్టి గట్టయ్య అంటే ఎవరికీ తెలియదు. పెద్దబండి గట్టయ్య అనాలి. స్టేషన్ వెనక సందులో, వకీలు గారి పాత ఇంటి షెడ్డులో ఉండే ఆ నల్లటి అమెరికా కారు పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరగలేదు. అందుకని బస్తీ మొత్తం దాన్ని పెద్దబండి అనేసి చేతులు దులుపుకుంది. గట్టయ్యకు అరవై ఏడేళ్ళు. అందులో యాభై ఏళ్ళు ఆ బండితోనే గడిచాయి. భార్య పూలమ్మతో గడిచినవి అంతకన్నా తక్కువ. ఈ లెక్క తీసింది పూలమ్మే.

"గుడ్డి గుర్రానికి పండ్లు తోముకుంట కూసో," అనేది ఆమె, పొద్దున్నే గుడ్డ పట్టుకుని బయల్దేరిన మొగుణ్ణి చూసి. గుర్రం గుడ్డిదైనా పళ్ళు మాత్రం తళతళలాడాల్సిందే, అదీ గట్టయ్య పట్టుదల.

ఆ బండి మొదట ఒక జాగీర్దారుది. కూతురి పెళ్ళికి ఓడ మీద తెప్పించాడట. ఆడవాళ్ళు కూర్చుంటే పరదా కట్టడానికి వెనక సీటు దగ్గర పెట్టించిన ఇత్తడి కడ్డీ ఇప్పటికీ ఉంది. జాగీర్లు పోయాక బండినీ అమ్ముకున్నాడు. ఆ తర్వాత రోడ్డు మీద అది ఎదురైతే తల తిప్పుకుని నడిచేవాడట, పాపం. కొన్నది సుల్తాన్ బజార్ బట్టల సేఠు. ఆయన మహా భయస్థుడు. ఎక్కడ గీత పడుతుందోనని బండిని అబిడ్స్ దాటనిచ్చేవాడు కాదు. పాలమూరు పల్లె నుంచి కూలికి వచ్చిన గట్టయ్యను బండి తుడవడానికి పెట్టుకున్నది ఆయనే. అక్కడే గట్టయ్య స్టీరింగు పట్టడం, ఇంజను విప్పడం నేర్చాడు.

సేఠు బండిని వకీలు గారికి అమ్మినప్పుడు, గట్టయ్యను కూడా అప్పగించాడు. అప్పట్లో అదే పద్ధతి. బండి చేతులు మారితే, దాని జబ్బులు తెలిసిన మనిషీ దాని వెంట వెళ్ళాలి. నిన్నెవరైనా అడిగారా అంటే గట్టయ్య నవ్వుతాడు. "నన్నేంది అడిగేది? బండినడిగిన్రా?"

వకీలు గారు మంచి మనిషి. ఇంటి నుంచి కోర్టు నడిచి వెళ్ళేంత దూరమే అయినా పెద్దబండిలోనే వెళ్ళేవారు. దారిలో ఆ రోజు వాదన గట్టయ్యకు వినిపించేవారు. "ఏమంటవ్ గట్టయ్యా, జడ్జి నమ్ముతడా?"

"నమ్మడు సార్."

ఆయన పకపకా నవ్వి, వాదన మార్చుకునేవారు. గట్టయ్యను అభిప్రాయం అడిగిన మనిషి ఈ లోకంలో ఆయనొక్కరే.

తొంభై ఆరు వేసవిలో ఒక మధ్యాహ్నం వకీలు గారికి గుండెలో నొప్పి వచ్చింది. గట్టయ్య ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టి దవాఖానకు బయల్దేరాడు. స్టేషన్ ముందు, సరిగ్గా నడి రోడ్డు మీద, బండి ఆగిపోయింది. దానికి స్టార్టరు మీట వేరుగా లేదు. యాక్సిలరేటరు తొక్కితేనే ఇంజను లేస్తుంది. గట్టయ్య తొక్కాడు, తొక్కాడు. వెనక వకీలు గారు ఇత్తడి కడ్డీ పట్టుకుని మూలుగుతున్నారు.

"జర ఆగుండ్రి సార్, గిప్పుడే లేస్తది," అంటూనే ఉన్నాడు గట్టయ్య.

లేవలేదు. ఆటోలో వేసుకుని వెళ్ళేసరికి ప్రాణం పోయింది. జర ముందు తీసుకొస్తే బాగుండేదని డాక్టరు ఒక మాట అని, తన పని తాను చూసుకున్నాడు. ఆ మాట గట్టయ్యకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

మొరాయించింది ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటర్. దినాలు కాగానే గట్టయ్య దాన్ని ఊడబీకి, చెప్పుతో కొట్టి, ఉస్మాన్‌గంజ్ దగ్గర పాత ఇనుప కొట్టులో పారేసి వచ్చాడు. అంబాసిడర్ కార్బురేటర్ తెచ్చి, రేకు కోసి అతుకు వేసి బిగించాడు. ఇక మొదలు. ఏ సామాను మీద అనుమానం వచ్చినా తీసి పారేయడం, మరో బండిది కూర్చడం. బండి మళ్ళీ ఎవరినీ నడి రోడ్డు మీద వదిలేయకూడదు, అంతే. నిజంగానే ఇన్నేళ్ళలో మరి ఒక్కసారీ ఆగలేదు.

ఈ ఏడాది వకీలు గారి కొడుకు శ్యామ్‌సుందర్ ఇంటిని అపార్ట్‌మెంట్లకు ఇచ్చేశాడు. నెలాఖరుకు షెడ్డు ఖాళీ చేయాలి. బండిని అడిగినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఖైరతాబాద్‌లో ఫంక్షన్ హాలు నడిపే కమలకుమారి. పెళ్ళివాళ్ళు ఫొటోలు దిగడానికి బండిని గుమ్మం ముందు నిలబెడుతుందట. ఇంజను తీసేసి ఆ చోట రంగు లైట్లు పెట్టిస్తుందట. రెండో మనిషి సిద్ధార్థ్, పుణెలో స్థిరపడ్డ హైదరాబాదీ. పాత కార్లు కొని, బాగుచేసి, రోడ్డు మీద నడుపుతాడు.

గట్టయ్య ప్రాణమంతా పుణె మీదే ఉంది. తను వెళ్ళకపోయినా ఫరవాలేదు, ఇంజను బతకాలి. వారం రోజులు బండిని తోమి అద్దంలా చేశాడు. "మాట్లాడే పని నాకు వదిలెయ్ గట్టయ్యా," అని శ్యామ్‌సుందర్ ముందే చెప్పాడు.

సిద్ధార్థ్ వచ్చాడు. గట్టయ్య యాక్సిలరేటరు తొక్కాడు. ఒక్క తొక్కుకే ఇంజను లేచింది. సిద్ధార్థ్ మొహం చింకి చాటంత అయింది. ఆ సంబరంతోనే బానెట్ ఎత్తి, లోపలికి తొంగి చూశాడు.

"కాకా, దీని కార్బురేటర్ ఏది?"

శ్యామ్‌సుందర్ కళ్ళతో వద్దని సైగ చేశాడు. కానీ గట్టయ్య అప్పటికే ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. యాభై ఏళ్ళలో తన పనితనం గురించి అడిగినవాడు ఇతనే మరి! "అంబాసిడర్‌ది పెట్టిన సార్. పంపు జీపుది. బెల్టు లారీది. అన్ని నా చేతులతోనే కూర్చిన. ఇర్వై ఎనిమిదేండ్లు, ఒక్కపారి ఆగితే ఒట్టు."

"పాత సామాన్ దాచిపెట్టినరా?"

"ఎందుకు సార్? పాత ఇనుముకేసిన."

సిద్ధార్థ్ బానెట్ మెల్లగా దించాడు. కసురుకుని ఉంటే బాగుండేది. అతను గట్టయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "అవి ఉంటే కళ్ళు మూసుకుని తీసుకుంటుంటి కాకా. ఇప్పుడు పైన ఉన్న రేకు తప్ప దీంట్ల అసలుది ఏమున్నది? గవి యాడా దొరకవు."

గట్టయ్య తన చేతులకేసి చూసుకున్నాడు. ఏ చేతులతో బతికించాననుకున్నాడో, ఆ చేతులే ముంచాయి. పోనీ, అబద్ధం చెప్పినా అతనికి కళ్ళు లేవా?

బండి ఖైరతాబాద్‌కే వెళ్ళింది. ఇంజను తీయడానికి వచ్చిన మెకానిక్‌లకు ఆ అతుకులు అంతుపట్టలేదు. చివరికి గట్టయ్యనే పిలిచారు. తను బిగించిన ప్రతి బోల్టునూ రెండు రోజులు కూర్చుని తనే విప్పాడు. మధ్యలో ఒకసారి స్పానర్ జారిపోతే, తీసుకోవడానికి వంగి, అక్కడే కూలబడి ఏడ్చాడు.

"బండితోని నువ్వు గూడ రా పెద్దాయనా," అంది కమలకుమారి. నిజానికి దయతోనే అంది. తెల్ల కోటు, టోపీ ఇచ్చింది. డోరు తీయడం, వేయడం, అంతే పని.

మొదటి పెళ్ళి రోజు. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు వెనక సీట్లో ఇత్తడి కడ్డీ పట్టుకుని కూర్చున్నారు. బానెట్ సందుల్లోంచి ఎర్ర లైట్లు, పచ్చ లైట్లు. "అంకుల్, మీరు ముందు సీట్లో కూర్చోండి, బండి నడుపుతున్నట్టు," అన్నాడు ఫొటోగ్రాఫర్.

గట్టయ్య ఎక్కాడు. చేతులు స్టీరింగు మీదికి వెళ్ళాయి. కాలు దానంతట అదే యాక్సిలరేటరు తొక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ తొక్కాడు. వెనక కడ్డీ మీద గాజులు గలగలమన్నాయి.

"జర ఆగుండ్రి సార్, గిప్పుడే లేస్తది," అన్నాడు.

పెళ్ళికొడుకు పగలబడి నవ్వాడు. అందరూ నవ్వారు. ఫొటో బాగా వచ్చిందని ఫొటోగ్రాఫర్ చెప్పాడు. గట్టయ్య దిగి, వెళ్ళి వెనక డోరు తీసి పట్టుకున్నాడు.