అడుగుల నుంచి గంటలకు

ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు అతడు మా ఆసుపత్రి క్యాజువాలిటీలోకి వచ్చాడు. ముదిగుబ్బ అవతల బోరు వేస్తున్న చేను నుంచి మా గేటుకు అరవై ఏడు కిలోమీటర్లు. బస్సులో రెండు గంటల పది నిమిషాలు. వయసు ముప్పై నాలుగు. నాడి నిమిషానికి తొంభై రెండు. రక్తపోటు నూట ముప్పైకి ఎనభై నాలుగు. ఈ అంకెలన్నీ నా చేతిరాతలో ఉన్నాయి, అన్నీ సరైనవే. తప్పిన అంకె ఒక్కటే.

రెండువేల సంవత్సరం తర్వాతి కరువు కాలమది. నీళ్లు లోతుకు పోయేకొద్దీ బోరు బండ్లకు రేయింబవళ్లు పని దొరికేది. రాడ్లు ఎత్తి బిగించే కూలీలు నడుము నొప్పికి మందుల అంగట్లో నీలం గొట్టం మాత్రలు, అంటే క్యాప్సూళ్లు, కొనుక్కునేవారు. వాటిలో ఉండేది నల్లమందు జాతి మందు. రెండుతో మొదలైనది రోజుకు ఇరవైకి చేరేది. ఆ తర్వాత మానితే వాంతులు, వణుకు, ఎముకల్లో పోటు. అలాంటివాళ్లు వస్తే మేము సెలైన్ పెట్టి, బెంగళూరుకు రెఫర్ చీటీ రాసి పంపేవాళ్లం. అక్కడికి నిజంగా వెళ్లినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. ఆ అలవాటును అదుపులోకి తెచ్చే మాత్ర, నాలుక కింద పెట్టుకుని కరిగించుకునేది, అప్పటికే ఉంది. దాన్ని వచ్చిన రోజే, క్యాజువాలిటీలోనే మొదలుపెడదామని ఆరు నెలలు అడిగి, మా పెద్ద డాక్టరును ఒప్పించి, రెండు వందల మాత్రలు తెప్పించాను. అతడు మొదటి రోగి.

దానికొక నియమం ఉంది. చివరి గొట్టం మాత్ర వేసుకున్నాక కనీసం పన్నెండు గంటలు గడవాలి. పాత మందు ఒంట్లో ఇంకా పనిచేస్తుండగా ఇస్తే, కొత్తది దాన్ని ఒక్కసారిగా తోసేస్తుంది. రెండు మూడు రోజులకు పరుచుకోవలసిన యాతన అరగంటలో వచ్చి మీద పడుతుంది.

"ఆఖరుసారి ఎప్పుడు ఏసుకున్నావప్పా?" అని అడిగాను.

"బోరు నూరడుగుల కాడ సార్. ఆరు ఏసుకుంటి."

"అడుగులు కాదు, గంట చెప్పు."

"గంట యాడ చూస్తాం సార్? రాడ్ల లెక్కే మాది. నూరు కాడ ఏసుకుంటి, మున్నూట నలభై కాడ బండి నిలిపినారు. అట్లే బస్సెక్కినాం."

పక్కన నిలబడిన అతని భార్య బండి వాళ్లకు వంట చేసే మనిషి. "ఈయప్ప అంతే సార్. పెద్దబిడ్డకు ఎన్నేండ్లంటే గూడా రాడ్లే లెక్కబెడతాడు," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "మొన్న తూగుతా తూగుతా తిరిగే రాడ్డు మింద చెయ్యి పెట్టబోయినాడు. మానకుంటే బిడ్డల్ని తీస్కోని మా యమ్మ దగ్గరికి పోతానంటి. ఒగ దినం ఆస్పత్రికి వస్తా, ఒగటే దినం అన్నాడు. ఆ దినం ఇదే సార్."

నేను లెక్క వేశాను. కొన్నేళ్ల ముందు మా నాయన చేనులో బోరు వేసినప్పుడు గట్టున కూర్చుని గడియారం పెట్టి కొలిచాను: నల్లరాతిలో గంటకు ఇరవై అడుగులు. రెండు వందల నలభై అడుగులకు పన్నెండు గంటలు, ప్రయాణానికి రెండు, మొత్తం పద్నాలుగు. కాగితం మీద నిలిచే లెక్క.

నర్సు అతని కళ్లలోకి టార్చి వేసి చూసింది. "కంటిపాపలు ఇంకా సన్నగానే ఉండాయి సార్. కొంచేపు చూద్దామా?"

పాత మందు దిగితే కంటిపాపలు పెద్దవవుతాయి. అది నాకు తెలుసు. అయినా ఎండలోంచి వచ్చాడు కదా అని సమాధానం చెప్పి, పది గంటల ఐదు నిమిషాలకు మాత్ర అతని నాలుక కింద పెట్టాను.

పదిన్నరకు ఆవలింతలు. పదీ నలభైకి ఒళ్లంతా రోమాలు లేచి నిలబడ్డాయి. ఆ తర్వాత వాంతి, విరేచనం, కాళ్లు మంచానికేసి కొట్టుకోవడం. కంటిపాపలు ఇప్పుడు పెద్దవయ్యాయి.

"నీ బండి గంటకు ఎన్నడుగులు పోతాదప్పా?" అని అప్పుడు అడిగాను.

"కొత్త కంప్రెసరు సార్... అరవై," అన్నాడు పళ్లు కొట్టుకుంటుండగా.

రెండు వందల నలభై అడుగులకు నాలుగే గంటలు. ప్రయాణంతో ఆరు.

తప్పు నాదేనని, సాయంత్రం దాకా ఉంటే సర్దుతానని అతనికి చెప్పాను. సెలైన్ సూది తానే పీకేసుకున్నాడు. "మందంటే ఇదేనా? నా గొట్టాలే మేలు. ఇంగ నన్ను ఈడికి పిలవద్దు," అని భార్య భుజం పట్టుకుని నడిచాడు. ఆమె గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి చూసింది, నన్ను తిట్టలేదు.

మధ్యాహ్నం పెద్ద డాక్టరు కేసు షీటు చదివారు. "ఇంగ ఈ ప్రయోగాలు ఈడ వద్దు స్వామీ," అని ఆ మాత్రలున్న అల్మారా తాళం చెవి తీసుకున్నారు.

పంతొమ్మిదో రోజు అతణ్ణి జీపులో తెచ్చారు. గొట్టాలు రోజుకు ముప్పై దాటాయట. అన్నం తిని బండి నీడలో పడుకున్నవాడు లేవలేదు. నేను చూసేసరికి ఒళ్లు చల్లబడింది.

"ఆ పొద్దు ఇంగా కొంచేపు కూర్చోబెట్టింటే బతికుండునా సార్?" అని అతని భార్య అడిగింది.

"బతికే వీలుండేదమ్మా," అన్నాను. అంతకంటే కచ్చితమైన జవాబు నాకు తెలియదు, ఈనాటికీ.

నేను తప్పిన లెక్క ఎనిమిది గంటలు. ఇచ్చిన మాత్ర ఒకటి. గడువు తీరి పారబోసినవి నూట తొంభై తొమ్మిది. తండ్రిని పోగొట్టుకున్న పిల్లలు ఇద్దరు. ఆ తర్వాతి నాలుగేళ్లలో ఆ అలవాటుతో వచ్చి, నా చేతి రెఫర్ చీటీ తప్ప మరేమీ అందుకోకుండా వెళ్లినవాళ్లు నలభై ఒక్క మంది.