క్రేను దిగిన డేగ

రేవులో అందరూ ఆయన్ని డేగ అనేవాళ్లు. పడుచు వయసులో క్రేను కేబిన్‌లోకి ఎక్కిన మనిషి తల ముగ్గుబుట్ట అయ్యేదాకా అక్కడే ఉండిపోయాడు మరి. ఓడ పొగగొట్టం కన్నా ఎత్తున గాజు గది, కాళ్ల కింద కూడా గాజే. అందులోంచి మెడ వంచి చూస్తూ, ఒక్కోటి ఓ గదంత ఉండే కంటైనర్లని ఓడ మీంచి లేపి, వరసలో నిలబడ్డ లారీల మీద దింపడం ఆయన పని. కింద ఎవడైనా పరాకుగా ఉంటే కిటికీ తీసి ఒక్క కేక పెట్టేవాడు. ఆ కేకకి రేవంతా తలెత్తి చూసేది.

విచిత్రమేమిటంటే, నేల మీద ఆయనకి కాలు నిలిచేది కాదు. ఇంట్లో ఉంటే కాలుగాలిన పిల్లే. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వీధి చివరికి, మళ్లీ వెనక్కి. భార్య ముందుగదిలో చుట్టుపక్కల వాళ్ల చంటిపిల్లల్ని చూసుకునేది. ఉద్యోగాలకి పోయే తల్లులు పొద్దున్నే దింపి, సాయంత్రం తీసుకెళ్లేవాళ్లు. ఆవిడ నానా తంటాలు పడి నిద్రపుచ్చిన పిల్లల్ని ఈయన చెప్పుల చప్పుడు లేపేసేది. గాల్లో అంతసేపు ఎలా కూర్చుంటారో గానీ, నేల మీద మాత్రం మీకు చీమలు కుడతాయి అని ఆవిడ విసుక్కునేది.

అలాంటి మనిషిని కిందకి దింపేశారు.

క్రేన్లకి కెమెరాలు బిగించారు. ఇకమీదట ఎవరూ పైకి ఎక్కక్కర్లేదట. గేటు పక్కన కట్టిన కొత్త బిల్డింగులో, ఏసీ గదిలో, తెరల ముందు కూర్చుని అరచేతిలో ఇమిడే చిన్న మీటతో క్రేను నడపొచ్చట. ఆయన ఈడువాళ్లని కావాలంటే ముందే రిటైరైపొమ్మన్నారు. చాలామంది బతుకుజీవుడా అనుకుని వెళ్లిపోయారు. డేగ వెళ్లలేదు. అడిగినవాళ్లకి, పిల్లలు నిద్రలేస్తారని మా ఆవిడ ఒప్పుకోలేదని నవ్వుతూ చెప్పేవాడు. అసలు సంగతి వేరు. క్రేను లేకపోతే తానేమిటో ఆయనకే తెలీదు.

కొత్త గదిలో ఉన్నవాళ్లంతా కుర్రకారు. ఆయన పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయిని తూనీగ అనేవాళ్లు, మీట మీద వేళ్లు అంత చురుగ్గా ఆడేవి. ఆయనకి పని నేర్పే బాధ్యత ఆమె మీద పెట్టారు. ఆయన చిన్నకూతురి ఈడు పిల్ల. వచ్చిన మొదటిరోజే బాబాయ్ అని వరస కలిపేసింది.

ఆమెకి ఓపిక ఎక్కువే. మీటని పిడికిలి బిగించి పట్టుకోవద్దని, రెండు వేళ్లు చాలని చెప్పింది. బరువు ఊగితే తెర మూలనున్న గీత వంగుతుంది, దాన్ని చూసుకుంటే చాలంది. ఆయన తలూపేవాడు. కళ్లు గీత మీదే ఉండేవి గానీ ఒళ్లు మాత్రం ఇంకేదో కబురు కోసం ఎదురుచూసేది. ఇదివరకు గాలి తిరిగితే ముందు నడుముకి తెలిసేది, తర్వాతే కంటికి. ఈ మెత్తటి కుర్చీ నడుముకి ఏమీ చెప్పదు. దానికి చక్రాలు కూడా ఉండడంతో ఆయన కుదురు లేకుండా అటూ ఇటూ జరుగుతుంటే పక్కవాళ్లకి చిరాకు. లేచి నీళ్లు తాగొచ్చేవాడు. కూర్చునేవాడు. మళ్లీ లేచేవాడు. విరామంలో అందరూ ఫోన్లు చూసుకుంటుంటే, ఈయన గబగబా రేవులోకి వెళ్లి, మనిషి లేని తన కేబిన్‌ని కింద నుంచి చూసి వచ్చేవాడు.

గోడ మీద పెద్ద తెర ఒకటుంది. ఎవరు ఎంత వేగంగా పనిచేస్తున్నారో పేర్ల వరసలో చూపించేది. డేగ పేరు ఎప్పుడూ అట్టడుగునే. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆయనకి తలకొట్టేసినట్టుండేది. ఒకప్పుడు తన వెనక సీట్లో కూర్చుని పని నేర్చుకోవడానికి కుర్రాళ్లు పోటీపడేవాళ్లు.

ఒక మధ్యాహ్నం ఓడ ఆలస్యంగా వచ్చింది. అందరి మీదా ఒకటే తొందర. ఆ రోజు డేగకి ఎందుకో చెయ్యి కుదిరింది. పేరు ఒక మెట్టు ఎక్కింది, ఇంకో మెట్టూ ఎక్కింది. చంటిపిల్లాడిలా సంబరపడ్డాడు. చూపు గోడ మీదకీ బల్ల మీదకీ పరుగులు పెడుతోంది. కంటైనర్ లేపాడు, జరిపాడు, లారీ మీదకి వదలడం మొదలెట్టాడు. ఇంతలో పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి ఆయన బల్ల మీదున్న ఎర్ర బటన్ మీద పడింది. ఒక్క కుదుపుతో క్రేను ఆగిపోయింది.

ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏదో అనబోయి తూనీగ మొహం చూసి ఆగాడు. ఆ మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆమె పక్క కెమెరా తెర మీదకి వేలు చూపించింది. లారీ డ్రైవరు కిందకి దిగి, జారిపడ్డ ఫోన్ కోసం వెనక చక్రం దగ్గర వంగున్నాడు. కంటైనర్ లారీ మీదకి కాకుండా పక్కకి ఊగి, దాని మూల సరిగ్గా అతని నెత్తి మీద వేలాడుతోంది.

డ్రైవరు ఫోన్ తీసుకుని, చొక్కాకి తుడుచుకుని, తీరిగ్గా లారీ ఎక్కాడు. పైన ఏముందో చూడనే లేదు.

ఆ కెమెరా తెర డేగ బల్ల మీద కూడా ఉంది. ఆయన దాని వంక చూడలేదు, అంతే.

మేనేజరు కుర్రాడు మంచివాడే. రికార్డు ముందు పెట్టుకుని, కొత్తలో ఇలాంటివి మామూలేనండీ బాబాయ్ గారూ అన్నాడు. తన చూపు గోడ మీద ఉందని డేగ చెప్పాడు. మేనేజరు మాత్రం, డ్రైవర్లు లారీ దిగకూడదని ఇంకోసారి నోటీసు అంటిద్దామన్నాడు.

సాయంత్రం డేగ గేటు బయట టీకొట్టులో ఆ డ్రైవరుని పట్టుకున్నాడు. పాత పరిచయమే. ఎప్పుడూ ఈల వేస్తుంటాడని ఈలడ్రైవరు అనేవాళ్లు. మధ్యాహ్నం ఉత్తపుణ్యానికి క్రేను ఆపేసి తన ట్రిప్పు పాడుచేశారని అతను అప్పటికే సణుగుతున్నాడు. డేగ అటు నడిచాడు, ఇటు నడిచాడు, చివరికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ఈలడ్రైవరు గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఎంత పైన ఉంది?"

"నువ్వు చెయ్యెత్తితే తగిలేంత."

అతను తన చేతి వంక చూసుకున్నాడు. "నేను దిగడమూ తప్పేలే అన్నా. కానీ ఒక్క మాట. ఇదివరకు పైకి చూస్తే నువ్వు కనపడేవాడివి. నన్ను చూశావో లేదో నాకు తెలిసేది. ఇప్పుడు ఎవరి మొహం చూడాలి? ఒక్క నిమిషం ఆగమని అడుగుదామన్నా మనిషి లేడు."

ఈ సంగతి ఇంట్లో ఆడవాళ్లదాకా పోనివ్వొద్దని ఒట్టు వేయించుకుని అతను లారీ తీశాడు. ఆ పూట ఈల వినపడలేదు.

డేగ బస్సెక్కకుండా నడిచి ఇల్లు చేరాడు. ఆ ఒట్టు వాకిట్లోనే నీరుగారిపోయింది. ఆఖరి పిల్లాడి తల్లి ఇంకా రాలేదు, భార్య వాణ్ణి భుజాన వేసుకుని జోకొడుతోంది. ఈయన జరిగిందంతా చెబుతూ గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరుగుతున్నాడు. ఆవిడ పిల్లాణ్ణి తెచ్చి ఆయన భుజం మీద వేసింది.

"ఎలాగూ తిరుగుతున్నారుగా. వీణ్ణి ఎత్తుకుని తిరగండి."

తిరిగాడు. పిల్లాడు నిద్రపోయాడు. వాడి తల్లి వచ్చి తీసుకెళ్లాక ఆవిడ నెమ్మదిగా అంది, "మీకు ఆ కుర్చీ పడదు. పడదని నలుగురి ముందూ చెప్పడానికి నామోషీ. నాకు తోచింది ఇంతే."

మర్నాడు డేగ మేనేజరు దగ్గరికెళ్లి, తనని కింద లారీల దగ్గర వెయ్యమన్నాడు. చేతిలో రేడియో ఉంటే చాలు, డ్రైవర్లకీ ఏసీ గదికీ మధ్య మాట మోస్తానన్నాడు. అలాంటి ఉద్యోగం అసలు లేదని, ఒకవేళ పెట్టినా హోదా తగ్గుతుందని, ఈ వయసులో ఎండావానల్లో ఎందుకని మేనేజరు నచ్చజెప్పాడు. డేగ వింటేనా! రోజూ వెళ్లి చెవిలో జోరీగలా అదే పాట. చివరికి ఒక్క క్రేనుకి, అదీ చూద్దామన్న లెక్కన ఒప్పుకున్నారు. ఆ క్రేను తూనీగది.

తూనీగ మాత్రం మొహం ముడుచుకుంది. రెండు రోజులు ముభావంగా ఉండి మూడోనాడు అడిగేసింది.

"అయితే నేను నేర్పిందంతా నీళ్లపాలేనా బాబాయ్? పెద్దాయన్ని నేనే తరిమేశానని అనుకోరా అందరూ?"

"నువ్వు ఆ బటన్ నొక్కకపోతే ఈపాటికి నేనేమైపోయేవాణ్ణో," అన్నాడు డేగ. "నాకు నీ వేళ్లు రావమ్మా. ఉన్నవి కాళ్లు. వాటితో ఏమవుతుందో చూస్తాను."

ఆమె రేడియో వాడకం చూపించింది.

మొదట్లో అంతా అవకతవకే. డేగ రేడియోలో ఊపిరి సలపనిచ్చేవాడు కాదు. గాలి ఇటు తిరిగింది, తాడు అటు లాగుతోంది, కొంచెం ఆగు, ఇంకొంచెం ఆగు. ఆమె విసిగిపోయి తన రేడియో గొంతు తగ్గించేసింది. అది తెలిసి ఈయన ఉడుక్కున్నాడు. ఆపమంటే ఆపుతానని, మిగతాదంతా తనకి కనపడుతూనే ఉందని ఆమె తెగేసి చెప్పింది. నోరు కట్టేసుకోవడం ఆయనకి మీట పట్టడం కన్నా కష్టమైంది. కొత్త డ్రైవర్లు ఈ ముసలాయన ఎవరన్నట్టు చూసేవాళ్లు. గోడ మీది తెరలోంచి ఆయన పేరు తీసేశారు. ఒకసారి ఏదో పని మీద ఆ గదికి వెళ్లి, పేర్లన్నీ కింద నుంచి పైదాకా చూసి, ఏదో పోగొట్టుకున్నవాడిలా బయటికొచ్చాడు.

అయినా పని సాగింది. ఫోన్ జారినా, తాడు చిక్కుపడినా డ్రైవర్లు ముందు ఆయన వంక చూడడం అలవాటు చేసుకున్నారు. ఆయన చెయ్యెత్తితే పైన పెట్టె ఆగేది. మరుసటి ఏడు నుంచి క్రేనుకొక మనిషిని కింద పెట్టారు. అది డేగ చలవేనని ఈలడ్రైవరు అందరికీ చెప్పుకు తిరిగాడు. కాదు, ఇన్సూరెన్సు వాళ్లు పట్టుబట్టారని మేనేజరు అన్నాడు. డేగ ఆ వాదనలోకి దిగలేదు.

అంతమాత్రాన ఆయన కుదుటపడ్డాడని చెప్పలేం. సాయంత్రానికి మోకాళ్లు పట్టేసేవి, పొద్దున్నే మళ్లీ వాకిట్లో చెప్పుల చప్పుడు. పని లేని క్షణంలో కళ్లు వాటంతటవే కేబిన్ మీదకి పోయేవి. ఒకరోజు రెండు లారీల మధ్య కాస్త ఖాళీ దొరికితే, ఎవరూ చూడట్లేదనుకుని క్రేను నిచ్చెన పట్టుకుని ఎక్కడం మొదలెట్టాడు. సగం దాకా వెళ్లేసరికి ఊపిరి అందలేదు. కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. గాలి చొక్కాని రెపరెపలాడిస్తోంది. నడుముకి తగిలించుకున్న రేడియో గరగరలాడింది.

"బాబాయ్, కెమెరాలో కనపడుతున్నారు. మెల్లిగా దిగండి. తొందరేం లేదు, మీరు దిగేదాకా నేను ఏదీ కదపను."

ఆయన ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు. ఆ సరికే తర్వాతి లారీ వచ్చి హారన్ కొడుతోంది.