అయిదక్షరాల బోణి

మా ఆయనకు యాభై దాటాక ఇంగ్లీషు పిచ్చి పట్టింది. ఇంగ్లీషు నేర్చుకోవాలన్న పిచ్చి అయితే సంతోషించేదాన్ని. ఈయనకు పట్టింది అయిదక్షరాల పిచ్చి. ఫోనులో రోజుకొక ఇంగ్లీషు మాట దాచిపెడతారట. దాన్ని ఆరు ఛాన్సుల్లో కనుక్కోవాలి. సరైన అక్షరం సరైన చోట పడితే గడి పచ్చగా మారుతుంది. ఆ పచ్చగడులు చూసి ఆయన మొహం వెలిగినంతగా మా పెళ్లిలో కూడా వెలగలేదు.

వరంగల్ బజారులో మాది బట్టల దుకాణం. మామగారు పెట్టింది. చుట్టుపక్కల దుకాణదారులంతా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని పొద్దున్నే ఈ ఆటలో పోటీ పడతారు. స్టీలు సామాన్లాయన, మందుల షాపాయన, మా ఆయన, అందరూ ఘనాపాఠీలే. నిజానికి అందరూ చూసేది ఒకే వెబ్‌సైటు. రెండో అక్షరం ఓ, చివరిది ఆర్, మొత్తం అయిదు అని కొడితే అది మాటలన్నీ కుప్ప పోసి పెడుతుంది. వీళ్లు అందులోంచి ఏరుకుంటారు. ఆ తర్వాత ఒకరినొకరు మేధావులని పొగుడుకుంటారు. ఒకరోజు మా ఆయన ఏదో మాట కనిపెట్టి మీసం దువ్వుకుంటుంటే, దాని అర్థమేమిటని అడిగాను.

"అర్థాలతోటి మనకేం పని? ఆట అక్షరాలది" అన్నాడు.

వేలితో నలిపి చూడకుండా ఒక్క చీర కొనని మనిషి ఈయన. ఇంగ్లీషు మాటలను మాత్రం ముట్టుకోకుండానే కొనేస్తున్నాడు.

మా మామగారి చెయ్యి మంచిదని పేరు. ములుగు వైపు ఊరి నుంచి ఒక అవ్వ వచ్చేది. తన పెళ్లిచీర ఆయన చేతి మీదుగానే తీసుకుందట, కాపురం చల్లగా సాగిందట. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరి పెళ్లయినా చీర మా దగ్గరే, అదీ ఆ రోజు బోణిగా కొనాలి. దుకాణం యజమాని చీర అంచుకు పసుపు అద్ది, తన చేతులతో కొనేవాళ్ల కొంగులో వెయ్యాలి. మామగారు పోయాక ఆ మంచి చెయ్యి కొడుక్కి వచ్చిందని అవ్వ నమ్మకం. పెళ్లయినప్పటి నుంచి కౌంటరు వెనక నిలబడి చీరలు విప్పి మడిచేది నేను. నా చెయ్యి లెక్కలోకి రాదు.

మొన్న మాఘంలో అవ్వ మనవరాలిని వెంటబెట్టుకుని మొదటి బస్సుకే వచ్చింది. పిల్లకు పెళ్లి కుదిరింది. పది దాటితే వర్జ్యం, ఆలోపే చీర కొంగులో పడాలి. నేను విప్పినవాటిలో పిల్ల మామిడిపండు రంగు పట్టుచీర ఎంచుకుంది. ఇక ఆయన లేచి పసుపు అద్దడమే తరువాయి. ఆయనేమో గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఫోనులో తల దూర్చాడు.

"ఇగో, అవ్వ ఎదురు చూస్తాంది" అన్నాను.

"జర ఆగు. నాలుగు అక్షరాలు వచ్చినయ్. ముందుది ఒక్కటే దొరుకుతలేదు."

కవర్ అయింది, హోవర్ అయింది, మూవర్ అయింది. ఇక ఒక్క ఛాన్సే ఉంది, మిగిలినవి రోవర్, లవర్. రోవర్ అంటే ఏమిటో తెలియదు. లవర్ అని కొట్టాలంటే సిగ్గు, గ్రూపులో పెద్దమనుషులున్నారట. ఓడితే ఇన్నాళ్ల గెలుపు వరుస తెగిపోతుంది. ఎదురుగా పెళ్లికూతురు కూర్చుని ఉంటే లవర్ దగ్గర మొహమాటపడుతున్న ఈ మహానుభావుణ్ని చూసి నాకు ఒళ్లు మండింది.

అవ్వ మాటిమాటికీ గోడ గడియారం చూస్తోంది. "టైం అయితాంది బిడ్డా" అంది. ఆయన తలెత్తకుండానే చెయ్యి ఊపాడు. మామగారైతే ముద్ద కంచంలో వదిలేసి లేచి వచ్చేవారు. అవ్వ మొహంలో కోపం లేదు, భయం ఉంది. ఆమెకు అది చీర కాదు, మనవరాలి కాపురం.

నేనే పసుపు గిన్నె అందుకున్నాను. "అవ్వా, నేనిస్త. పట్టు" అన్నాను.

ఆమె నా చేతులకేసి చూసింది. "నీ చెయ్యి మంచిదే ఉంటది బిడ్డా. గాని నాకు ఎరుక లేదు గద."

ఆ మాట చురుక్కుమని తగిలింది. ఇన్నేళ్లూ ఆమెకు మంచినీళ్లిచ్చింది, చీరలు చూపించింది ఈ చేతులే. అయినా ఆమె అబద్ధమేమీ ఆడలేదు.

అప్పుడు ఆ పిల్ల తన చున్నీ చాపింది. "నాకియ్యున్రి ఆంటీ. కట్టుకునేది నేను. సేటుకు ఇప్పుడే తీరేటట్టు లేదు."

అవ్వ గడియారం చూసి కళ్లు మూసుకుంది. నేను అంచుకు పసుపు అద్దాను. రేపు ఆ పిల్లకు అత్తింట్లో తలనొప్పి వచ్చినా నా చేతినే అంటారు. అయినా చీర ఆమె చున్నీలో వేశాను.

వాళ్లు మెట్లు దిగి వెళ్లిపోయాక ఆయన తలెత్తాడు. "లవరే. చూసినవా?" అంటూ ఫోను నా మొహం ముందు పెట్టాడు. గ్రూపులో అప్పటికే అభినందనలు కురుస్తున్నాయి. వాటికి దండాలు పెట్టడం అయ్యాక, "అవ్వేది?" అని అడిగాడు.

"పోయింది."

"మరి బోణి?"

"అయింది" అన్నాను. ఎవరి చేతి మీదుగా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ తర్వాత ములుగు బస్సు కనబడితే చాలు, నా గుండె దడదడలాడేది. పిల్ల ఎలా ఉందో ఎవరినడగాలి? ఆయనకు ఏ దడా లేదు, రోజూ పచ్చగడులే.

కార్తీకంలో ఒక పొద్దున అవ్వ మళ్లీ వచ్చింది, ఈసారి చిన్న మనవరాలితో. "పెద్దది సల్లగున్నది బిడ్డా" అంది నాతో, కూర్చోకముందే. నా కళ్లు తడిశాయి. చీర ఎంచుకోవడం అయింది. ఆ రోజు మాట తొందరగా దొరికినట్టుంది, మా ఆయన ఫోను పక్కన పెట్టి లేచాడు. పసుపు గిన్నె అందుకుని, తండ్రిలాగే ఠీవిగా అవ్వ ముందు నిలబడ్డాడు.

అవ్వ ఆయనను దాటుకుని నా దగ్గరికి వచ్చి కొంగు చాపింది.

"నువ్వు కూసో బిడ్డా" అంది ఆయనతో, ఎంతో ప్రేమగా. "నీ పని చూస్కో."

ఆయన గిన్నె నా చేతికిచ్చి కూర్చున్నాడు.