చుక్క కూడా కారదండి

మా పాత కారు కింద ఆయిల్ మరకలు పడుతుంటే, మెకానిక్ దగ్గరికి పోకుండా, ఇంజను అడుగున ఆయిలు వదిలే డ్రెయిన్ బోల్టు నేనే బిగించాను. ఏ పనీ నెమ్మదిగా చేయడం నాకు చేతకాదు. పానాకి ఇనుప గొట్టం తగిలించి బలమంతా ఉపయోగించాను. బోల్టు ఒక్కసారిగా వదులైపోయి ఉత్తినే తిరగడం మొదలుపెట్టింది.

తాడేపల్లిగూడెంలో మెకానిక్ చూసి, "త్రెడ్డు పోయిందండి. కింద ఆయిలుండే చాంబరే మార్చాలి. పాత బండి కదా, దొరకడానికి టైము పడుతుంది" అన్నాడు. అప్పటికే కైకలూరు దగ్గరి ఊరి నుంచి ఒక టీచరుగారు బండి చూడ్డానికి వస్తానన్నారు. అమ్మేసే బండికి ఇంత తంటా ఎందుకనిపించింది. నీళ్ల పైపులకు పూసే సీలు ముద్ద తెచ్చి బోల్టు చుట్టూ మెత్తాను. కిరసనాయిలుతో మరకలన్నీ తుడిచేశాను.

టీచరుగారు వచ్చి బండి చూసి, మొహమాటపడుతూనే అడిగారు. "ఏవండీ, ఆయిలు గట్రా కారదు కదండీ? మా అమ్మకి ఏలూరులో డయాలసిస్సండి. ఆటోలో ఆ కుదుపులకి తట్టుకోలేకపోతోంది."

"చుక్క కూడా కారదండి" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

బేరం కుదిరాక, అప్పగించడానికి బండి నేనే నడిపి వాళ్ల ఊరు తీసుకెళ్లాను. దారి పొడవునా అటూ ఇటూ చేపల చెరువులే, పిలిస్తే పలికే మనిషి లేడు. ఆయిలు కారిపోయి ఇంజను ఇక్కడ పట్టేస్తే ఆ పెద్దావిడ గతేమిటన్న ఆలోచన అప్పుడు వచ్చింది. రేడియో సౌండు పెంచుకున్నాను.

ఊళ్లోకి రాగానే టీచరుగారు చర్చి ముందు ఆపమన్నారు. బండి కొంటే ముందు ప్రార్థన చేయించుకుంటారట. మేమైతే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి పోతాం. పెద్దావిడను వెనక సీట్లో కూర్చోబెట్టారు. ఆవిడ నాకు నమస్కారం పెట్టింది. అందరూ కళ్లు మూసుకున్నారు. పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి వేసి, "ఈ బండిని నమ్మకంగా అప్పగించిన ఈ సహోదరుణ్ణి దీవించు తండ్రీ" అన్నారు.

నేనొక్కణ్ణే కళ్లు తెరిచి కిందికి చూస్తున్నాను. ఇంజను వేడికి ముద్ద ఊడినట్టుంది. కడిగిన సిమెంటు మీద నల్లటి చుక్క పడింది, దాని పక్కనే ఇంకొకటి. అందరితో పాటు "ఆమేన్" అన్నాను.

టీచరుగారు తాళం కోసం చెయ్యి చాపారు. ఇవ్వలేకపోయాను. నిజమూ చెప్పలేకపోయాను. "పెద్దావిడ ఎక్కే బండి కదండీ, కింద చాంబరు కొత్తది వేయించి తెచ్చిస్తాను. ఖర్చు నాదే" అన్నాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ రోజుల్లో మీలాంటివాళ్లు ఎక్కడుంటారండీ" అంటూ నా రెండు చేతులూ పట్టుకున్నారు.

కైకలూరులో ఆయిలు పోయించుకుని, ఆగుతూ ఆగుతూ తాడేపల్లిగూడెం చేరాను. చాంబరు దొరికేదాకా తిరిగి, వేయించి ఇచ్చాను. ఆవిడ ఇప్పటికీ ఆ బండిలోనే ఏలూరు వెళ్తోంది.

ఏటా క్రిస్మస్‌కి టీచరుగారు కేకు పట్టుకుని మా ఇంటికి వస్తారు. ఈసారైనా చెప్పేయాలనుకుంటాను. మొన్న మా ఆవిడ కేకు కోసి పళ్లెంలో పెట్టి తెచ్చింది. నాకది గొంతు దిగదని తెలుసు. "షుగరండి, తినకూడదు" అని పళ్లెం పక్కకు జరిపాను. మా ఆవిడ నావంక వింతగా చూసింది.

ఆయన నొచ్చుకున్నారు. "అయ్యో, అమ్మకి చెబుతానండి. రోజూ మీకోసం ప్రార్థన చేస్తుంది, ఇక షుగరు గురించి కూడా చేస్తుంది."

నాకు షుగరు లేదు. ఆవిడ డయాలసిస్ మంచం మీద పడుకుని నా ఆరోగ్యం కోసం ప్రార్థిస్తోంది.