గంట వినపడని మధ్యాహ్నం

గొర్రెలు జొన్నచేలోకి పోయాయి. గట్టు మీద మేయలేదు.

ఈ చిన్న మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. అడిగిన రోజే చెప్పి ఉంటే కొన్ని తిట్లతో, కొన్నాళ్ల సిగ్గుతో పోయేది. చెప్పలేదు. అప్పటినుంచి అది వానలో తడిసిన గొంగడిలాగా నా భుజం మీదే ఉంది. తడిసిన గొంగడి ఎంత బరువుంటుందో మోసినవాళ్లకు తెలుసు. దాన్ని ఎండలో ఆరేయొచ్చు. దీన్ని ఎక్కడ ఆరేయాలి?

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా పేరు వద్దు. మహబూబ్‌నగర్ వైపు ఊరు, గొర్రెలు కాసే ఇల్లు. అంత తెలిస్తే చాలు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో షిఫ్టు పని చేసేవాణ్ణి. ఊళ్లో మందను బాపు, అంటే మా నాన్న, చూసుకునేవాడు. ఆ ఏడు ఆయన కంట్లో శుక్లం తీశారు. కన్ను కట్టి, దుమ్ములో తిరగొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. రెండో కంట్లో అప్పటికే మసక. నేను సెలవు పెట్టి వచ్చి మంద వెంట నడిచాను. చిన్నప్పుడు చేసిన పనే. కాళ్లకు గుర్తుంది. మనసుకే లేదు.

ఆట నా ఫోన్లో ఎక్కించింది నా బిడ్డ. అప్పుడు ఇంటర్ చదువుతోంది.

"చిన్న ఆటనే నాయినా. ఒక్క పూటల అయిపోతది. గని ఇయర్‌ఫోన్లు రెండు చెవులల్ల పెట్టుకోనే ఆడాలె. లేకుంటే భయం రాదు."

"భయం కావాల్నని ఎవడన్న ఆడుతడా?" అని నవ్వాను.

"ఆడి చూడు. ఫోను కింద పెడ్తవేమో చూస్త" అంది.

పాడుబడిన పెద్ద మిల్లు. నలుపు, బూడిదరంగు తప్ప ఇంకో రంగు లేదు. ముఖం కనపడని చిన్నపిల్ల లాంతరు పట్టుకుని నడుస్తుంటుంది. మనం ఆమెను నడిపించాలి. పెట్టెలు జరిపి ఎక్కాలి, గొలుసులు లాగి నీళ్లు దించాలి, విరిగిన మెట్ల మీంచి దూకాలి. ఆ మిల్లులో ఇంకేదో ఉంది. అది ఎక్కడా కనపడదు. దాని ఊపిరి మాత్రం వినపడుతుంది. ఎడమ చెవిలో వినపడితే ఎడమ వైపు ఉన్నట్టు. దగ్గరికొస్తే లాంతరు ఆర్పి కదలకుండా నిలబడాలి. ఒక్క అడుగు వేసినా అయిపోయినట్టే. మొదటిసారి ఆ ఊపిరి నా మెడ వెనకనుంచి వచ్చినట్టనిపించి, పట్టపగలు, ఎర్రటి ఎండలో, వెనక్కి తిరిగి చూశాను.

నాకు అది నచ్చింది. ఎందుకు నచ్చిందని తర్వాత నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. కంపెనీలో సూపర్‌వైజర్ భయం, ఇంట్లో బాపు కన్ను ఏమవుతుందోనన్న భయం, ఇవన్నీ ఎప్పుడు వస్తాయో ఎప్పుడు పోతాయో తెలియని భయాలు. ఆటలో భయానికి ఒక లెక్క ఉంది. కదలకుండా నిలబడితే అది పక్కనుంచి పోతుంది. కదలకుండా నిలబడితే చాలు. ఆ పాఠం నేను ఎంత బాగా నేర్చుకున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆ మధ్యాహ్నం గొర్రెలు కిష్టయ్య కాక పొలం పక్కన గట్టు మీద ఉన్నాయి. కాక మాకు చుట్టం కాదు, ఊరి వరస. ఆయన భూమిలో ఒక పక్క పత్తి. గట్టు అవతల పక్క జొన్న, అప్పటికే కోసేశాడు. కోసిన మోళ్లకు లేత పిలకలు వచ్చాయి. వాన మొహం చాటేయడంతో అవి వాడిపోయి ఉన్నాయి. అట్లా వాడిన జొన్న పిలకను మా దగ్గర నాము అంటారు. అది విషం. నాలుగు పరకలు కొరికినా గొర్రె ఊపిరాడక పడిపోతుంది. మా ఇళ్లలో నడక నేర్చిన పిల్లకు కూడా ఈ సంగతి తెలుసు. నాముకు మందను వదిలినవాణ్ణి మావాళ్లు కాపరిగా లెక్కపెట్టరు.

నేను పెద్ద రాతిగుండు నీడన కూర్చున్నాను. ముందు ఒక చెవిలోనే పెట్టుకున్నాను. ఇంకో చెవి పొట్టేలు మెడలోని గంట కోసం. కానీ ఒక్క చెవితో ఆ ఊపిరి ఏ పక్కనుంచి వస్తుందో తెలియదు. పిల్ల చచ్చిపోతోంది, మళ్లీ మొదలు. కాసేపే కదా అని రెండోది కూడా పెట్టుకున్నాను.

ఒక తలుపు దగ్గర ఆగిపోయాను. తలుపు ముందు నేలలో ఒక ఇనుప పలక. దానిమీద బరువుంటేనే తలుపు తెరుచుకుంటుంది. పిల్ల దిగితే మూసుకుంటుంది. గదిలో ఒక్క పెట్టె లేదు. మొదటినుంచీ ఆ పిల్ల వెనక ఒక చిన్న నల్లటి జీవి వస్తూ ఉంటుంది. కుక్కపిల్లో, మేకపిల్లో తెలియదు. దూకితే దూకుతుంది, ఆగితే ఆగుతుంది. ఎంతసేపు చూశానో! గోడలు తడిమాను, గొలుసుల కోసం వెతికాను. ఆఖరికి అర్థమైంది. దాన్ని పలక మీద కూర్చోబెట్టి పిల్ల ఒక్కతే పోవాలి. పోనిచ్చాను. తలుపు దాటిన తర్వాత వెనకనుంచి ఆ ఊపిరి వినిపించింది, ఆ జీవి ఉన్న గదిలోంచి.

చెవుల్లోవి పీకేశాను. బయట కూడా ఏమీ వినపడలేదు. గంట మోగడం లేదు.

లేచి గట్టెక్కి చూస్తే గొర్రెలు జొన్నలో ఉన్నాయి. ముందుగా పోయినవి పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. పొట్టేలు నోరు తెరుచుకుని పడి ఉంది. నేను అరిచాను, మిగిలినవాటిని కొట్టి గట్టు ఇవతలికి తోలాను, పడినవాటిని కాళ్లు పట్టి ఇవతలికి ఈడ్చాను. అప్పుడు నా మనసులో దాచాలన్న ఆలోచన లేదనే అనుకుంటాను. లేదా ఉందా? చచ్చినవాటిని కూడా ఎందుకు ఈడ్చాను?

అందరికంటే ముందు ఉరికివచ్చింది కిష్టయ్య కాకే. చూసి, మళ్లీ ఇంటికి ఉరికి, విరుగుడుకు బెల్లం నీళ్లు తెచ్చాడు. బతికున్నవాటి నోళ్లు తెరిచి పోస్తూ, "నాముకు గిట్ల పోయినయారా?" అన్నాడు. నేను వినపడనట్టు ఇంకో గొర్రె దగ్గరికి పోయాను. అంతలో జనం వచ్చారు. కాక పొద్దున పత్తికి పురుగుమందు కొట్టాడు. పంపు గట్టు మీదే ఉంది. అంతకుముందు ఒకసారి మా మంద పత్తిలో పడితే, "ఇంకోపారి కనపడితే ఏంజేస్తనో చూడున్రి" అని అందరూ వినేట్టు అరిచాడు. ఎవరూ ఏమీ అనకముందే అందరి చూపు ఆ పంపు మీదికి పోయింది.

బాపును ఎవరో చేయిపట్టి తీసుకొచ్చారు. చచ్చిన గొర్రె దగ్గర కూలబడి, దాని దవడ తెరిచి, వేలుపెట్టి ఒక ఆకు లాగాడు. వేళ్ల మధ్య నలిపాడు. చాలాసేపు నలిపాడు. తర్వాత నేను ఎటున్నానో వెతుక్కుంటూ ముఖం తిప్పాడు.

"ఏడ మేసినయ్‌రా?"

"గట్టు మీదనే బాపు."

"నాముకు పోలేదు గద?"

"పోలేదు."

"నా కన్ను కట్టేసిన్రు బిడ్డా. నీ కన్నుతోటి చూసి చెప్పు."

"గట్టు మీదనే మేసినయ్ బాపు. నేను ఈడనే కూసున్న."

ఆయన చేతిలోని ఆకును కింద పడేశాడు. జనం వైపు తిరిగి, "గట్టు మీదనే మేసినయట" అన్నాడు.

అంతే. గట్టు గడ్డికి కాకే మందు పెట్టాడని ఊరు తేల్చేసింది. మా దగ్గర మంద ఎక్కడ మేసిందన్న తగువు వస్తే, మంద వెంట ఉన్నవాడు చెప్పిందే మాట. రైతు చెప్పినా, పెద్దమనుషులు చెప్పినా చెల్లదు. ఎందుకంటే కాపరి ఆ ఒక్క విషయంలో అబద్ధమాడడని ఊరి నమ్మకం. నాకన్నా ముందు ఎంతోమంది ఆ నమ్మకాన్ని నిలబెట్టారు. నేను దాని వెనక దాక్కున్నాను. మర్నాడు కాక పెద్దమనుషుల్ని తీసుకుపోయి కొరికిన పిలకల్ని చూపించాడట. "తప్పించుకోను తొవ్వ దేవులాడుతున్నడు" అన్నారట. బెల్లం నీళ్లు తెచ్చినందుకు కూడా, "తప్పు చేసినోడే ముందుగాల ఉరుకుతడు" అన్నారట.

ఎందుకు అబద్ధమాడాను? పోయిన గొర్రెల కోసం కాదు. దెబ్బల భయం లేదు, అప్పటికి నాకూ తల నెరుస్తోంది. ఫోన్లో ఆట ఆడుతూ మందను నాముకు వదిలానని బాపు ముందు, ఆ జనం ముందు చెప్పలేకపోయాను. కదలకుండా నిలబడ్డాను. అది నా పక్కనుంచి పోయింది. పోయి కాకను పట్టుకుంది.

ఆయన్ను కొట్టలేదు, ఊళ్లోంచి తరమలేదు. కాపరులంతా ఒక్క మాట అనుకున్నారు. కిష్టయ్య చేన్లో ఇంక మంద పండదు. ఎండాకాలంలో, విత్తనానికి ముందు, గొర్రెల మందను రాత్రిపూట చేన్లో పండబెడితే ఆ ఎరువుతో ఎర్రమట్టి మెట్టచెలకలో కూడా పంట నిలబడుతుంది. దానికోసం రైతులు కాపరుల్ని ఇంటికి పిలిచి అన్నం పెడతారు. కాక పిలిస్తే ఎవరూ పోలేదు. ఆయన చెలక ఏటికేడు గట్టిపడింది. జొన్న మోకాలెత్తు దాటలేదు. నీళ్ల దగ్గర ఆయన కోడలిని చూసి, "గొర్లకు మందు వెట్టిన ఇంటిదానివి, నీ బిందె దూరం పెట్టుకో" అని ఒకామె నవ్వుతూ అంటే నేను విన్నాను. విని బండి స్టార్ట్ చేసుకుని పోయాను.

కంపెనీలో ఉన్నప్పుడు ఊరినుంచి ఫోన్ వస్తే వెంటనే ఎత్తేవాణ్ణి కాదు. ఎవరో చూశారు, ఎవరో చెప్పారు, బయటపడింది. ఎత్తితే ఏదో పెళ్లి సంగతి. ఆట ఆ మధ్యాహ్నమే తీసేశాను. "అయిపోయిందా నాయినా?" అని బిడ్డ అడిగితే అయిపోయిందన్నాను. ఆ తలుపు అవతల ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. వెనక్కి పోయే దారి ఉందో లేదో కూడా తెలియదు. ఒక్కోసారి నిశ్శబ్దంగా ఉంటే ఎడమ చెవిలో ఆ ఊపిరి వినపడుతుంది. అది నా ఊపిరేనని తెలుసుకోవడానికి కాసేపు పడుతుంది.

బాపుకు తెలుసా? ఆకును అంతసేపు నలిపిన మనిషికి జొన్న ఆకుకూ గడ్డికీ తేడా తెలియదా? పోయేదాకా ఆయన మళ్లీ ఆ మాటెత్తలేదు. తర్వాత నన్నెప్పుడూ మంద వెంట పొమ్మని కూడా అనలేదు.

ఆయన పోయాక కంపెనీ మానేసి మందను నేనే తీసుకున్నాను. మొన్న ఎండాకాలం కిష్టయ్య కాక మా కొట్టం దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు. తువ్వాలు చేతిలో పట్టుకుని బయటే నిలబడ్డాడు.

"ఒక్క రాత్రి నా చేన్ల మందను పండవెట్టు బిడ్డా. గొర్లు సచ్చింది మీయి. నువ్వు పెడితే అందరు పెడ్తరు."

నేను అన్యాయం చేసిన మనిషి నన్నే బతిమాలుతున్నాడు. సరే అంటే సరిపోయేది. ఒక్క రాత్రి పండబెడితే ఊరు నన్ను మెచ్చుకునేది కూడా, మంచివాడు, మనసులో పెట్టుకోలేదని. దానికే నాకు భయమేసింది. అక్కడే, గేటు పట్టుకుని, అంతా చెప్పేశాను. ఆట, చెవులు, నాము, బాపు, అంతా.

కాక కోప్పడలేదు.

"నాకు చెప్పుడెందుకురా? నేను మందు వెట్టలేదని నాకు ఎరికే గద. ఎరికలేనోళ్లకు చెప్పు" అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని పోయాడు.

గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించే రోజు ఊరి మందలన్నీ ఒక్క చోటికి వస్తాయి. కాపరులంతా ఉంటారు. కాకను కూడా రమ్మని కబురు పెట్టాను. వచ్చి దూరంగా, ట్రాక్టరు పక్కన నిలబడ్డాడు. నేను మాట్లాడటం మొదలుపెడితే మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒకడు గట్టిగా నవ్వాడు. "ఫోన్ల దయ్యానికి భయపడుకుంట గొర్లను సంపిండంట!" ఇంకో ముసలాయన నా ముఖం చూడకుండా, "మీ బాపు మాటకున్న ఇజ్జత్ కూడ తీసినవ్ గదరా" అన్నాడు.

ఆ రోజు తర్వాత కాక చేన్లో ఎవరి మంద పండుతుందో, ఇంక మీదట నా మాటను ఎవరు నమ్ముతారో నాకు తెలియదు. తెలిసింది ఒక్కటే, ఆ ట్రాక్టరు దాకా నడిచాను. గొర్రెల అరుపుల్లో వినపడదేమోనని గొంతు పెంచి, అందరూ వినేట్టు అన్నాను.

"కాకా, నువ్వు మందు వెట్టలేదు. నా గొర్లు నాముకు పోయినయ్. నేను చూడలేదు, చూసినంక చెప్పలేదు. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యమని అడుగుతలేను. తప్పు నాదని చెప్తున్న."